పళ్ళ మేస్త్రీని ఎవరు చంపలేదు?

మార్చి 3

బాబాయికి నమస్కారాలు.

నేను క్షేమం, ఆయన క్షేమం. నీ మోకాలు ఎలా ఉందో పోయిన ఉత్తరంలో రాయలేదు. పొద్దస్తమానం ఆకురాయితో కట్టుడు పళ్ళు అరగదీస్తూ వంగి కూర్చోవద్దని కసరడానికి అక్కడ నేను లేననే కదా నీ ధైర్యం.

ఇది సంతోషం చెప్పడానికి రాస్తున్న ఉత్తరం. బాబాయ్, నువ్వు అచ్చయ్యావు!

నీకు తెలిసిందే, ఆయన పగలంతా రైలు స్టేషనులో పోయిన సామాన్ల గది చూస్తారు, సాయంత్రాలు హత్యల కథలు రాస్తారు. ఆఫీసువాళ్ళకి తెలిస్తే ఊరుకోరని మారుపేరు పెట్టుకున్నారు. ఆయన చేతిరాత చదవలేక ప్రెస్సులో కంపోజిటరు ఒకసారి తన కళ్ళజోడే ఇంటికి పంపించాడట, మీరు పెట్టుకుని చదివి చూడండి అని. అప్పట్నుంచి చిత్తు ఆయనది, సాపు నాది. ఐదో తరగతితో ఆపేసినదాన్నయినా, పళ్ళ డబ్బాల మీద పేర్లు రాయించి రాయించి నువ్వు గుండ్రంగా దిద్దించిన అక్షరాలు ఇలా అక్కరకొచ్చాయి.

అచ్చయ్యాక మాత్రం ఆయన చదవరు. వండినవాడికి ఆకలుండదంటారు. పత్రిక గుమ్మంలో పడితే నేనే తీసి పెట్టె మీద పెడతాను. ఎడిటరుగారు ఇంటికొస్తే వంటింటి తలుపు వెనకే నిలబడతాను. టీ గ్లాసు గడప దగ్గర పెడితే ఈయనే వచ్చి తీసుకుంటారు.

ఈ శుక్రవారం కొత్త సీరియల్ మొదలైంది. పేరు ‘నోరు మెదపని సాక్షి’. అందులో ఒక కట్టుడు పళ్ళ మేస్త్రీ ఉన్నాడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. సొంత కొట్లోకి వెళ్ళేముందు కూడా మూడుసార్లు దగ్గుతాడు. పళ్ళు పెట్టుకున్నవాళ్ళు మొదటిసారి నవ్వితే తను అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటాడు. సాపు చేస్తుంటే నాకు చెయ్యి ఆగలేదు. పేరు లేదు గానీ నిన్నెరిగినవాళ్ళెవరూ పొరబడరు.

నీ మీద ఆయనకింత గౌరవం ఉందని నాకు తెలియదు.

నీ అమ్మాయి

మార్చి 11

అమ్మాయీ,

ఆశీస్సులు. మోకాలు మోకాలులాగే ఉంది.

పత్రిక ఆరు కాపీలు తెచ్చాను. ఒకటి అద్దాల బీరువాలో పై వరసకీ కింది వరసకీ మధ్య నిలబెట్టాను. చూస్తే పళ్ళు పత్రికని కొరుకుతున్నట్టు ఉంటుంది. వీధంతా వచ్చి చూసి పోయింది.

మన రిటైరైన హెడ్‌మాస్టరు బెంచీ ఎక్కి గట్టిగా చదివాడు. ‘మూడుసార్లు దగ్గుతాడు’ అన్న చోటికి రాగానే నాకు నిజంగానే దగ్గొచ్చింది. లెక్కపెట్టి మూడే. జనం చప్పట్లు కొట్టారు. జడ్జిగారి భార్య అయితే “నాయనా, నువ్వింత మంచివాడివని ఇన్నేళ్ళూ చెప్పనే లేదే!” అంది. ఏమని చెప్పుకుంటాం తల్లీ, చెప్పు.

ఒక్క హెడ్‌మాస్టరే గొంతులో ముల్లు గుచ్చాడు.

“మేస్త్రీ, మొదటి భాగంలోనే మనిషిని ఇంత మంచివాడిగా రాశారంటే అనుమానించాలయ్యా. ఇలాంటివి వంద చదివాను. మంచివాడు ఐదో భాగం దాటడు,” అన్నాడు.

“రాసింది మా అల్లుడండీ. పిల్లనిచ్చినవాణ్ణి ఎవడన్నా చంపుకుంటాడా?” అన్నాను.

“కథల్లో ముందు పోయేది వాళ్ళేగా,” అన్నాడు.

ఆయన మాటలకేం గానీ, ఊరికే, అల్లుణ్ణి ఒకసారి కనుక్కుని రాయి. ఈ వయసులో నాకు పెళ్ళి గిళ్ళి చేసే ఉద్దేశముంటే ముందే చెప్పమను. చొక్కాలు కుట్టించుకోవాలి.

కథలోని మనిషి,
మీ బాబాయి

మార్చి 17

బాబాయికి నమస్కారాలు.

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

ఆయన ఏ సీరియల్ మొదలుపెట్టినా ముందు గోడకి ఒక కాగితం అంటిస్తారు. ఏ భాగంలో ఏం జరగాలో అందులో ఉంటుంది. నేనెప్పుడూ చదవను. ముందే తెలిస్తే సాపు చేస్తూ భయపడ్డానికి ఏమీ మిగలదు. నీ ఉత్తరం వచ్చాక ఆ గోడ తుడుస్తున్నట్టు నిలబడి చదివాను. ‘5: మేస్త్రీ శవం’ అని ఉంది.

సంగతంతా ఇదీ. రైల్లో ఎవరో పై వరస పళ్ళు మర్చిపోయారట. అవి ఆయన గదికి చేరాయి. వారం రోజులు వాటిని చూస్తూ కూర్చుంటే ఈ కథ తట్టింది. మేస్త్రీ తన కొట్లో, తన వాలు కుర్చీలోనే చచ్చిపడి ఉంటాడు. నోటి నిండా పళ్ళ అచ్చులు తీసే ప్లాస్టరు, గట్టిపడి. ఆ ప్లాస్టరు మీద హంతకుడి పళ్ళ గాట్లు. ఇక పదిహేను వారాల పాటు ఒక పొడుగు కోటు డిటెక్టివు ఊళ్ళో వాళ్ళందరి పళ్ళూ చూస్తూ తిరుగుతాడు.

ఆయనకి చెప్పాలనే వెళ్ళాను. మూడేళ్ళ కాపురంలో ఆయనతో ‘వద్దు’ అన్న మాట నేననలేదు. ఇంకాస్త కూర వెయ్యనా అని నేనడిగితే ఆ మాట ఆయనే అంటారు. గుమ్మం దగ్గర నిలబడి “మా బాబాయిని...” అన్నాను. ఆయన తలెత్తి “ఉత్తరం వచ్చిందా? బాగున్నారా?” అన్నారు. బాగున్నాడని చెప్పి వచ్చేశాను.

నాకు తోచిన మాట ఒకటి రాస్తాను, తప్పయితే నవ్వుకో. ఈ కథల్లో చచ్చినవాడికి ఒకటే పేజీ, చంపినవాడికి పదిహేను వారాలు. ఇన్ని హత్యలు సాపు చేశాను, పోయినవాడు ఆ పొద్దున ఏం తిన్నాడని అడిగిన డిటెక్టివు లేడు. విషం పెట్టి ఉంటే తప్ప.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు బాబాయ్.

నీ అమ్మాయి

మార్చి 24

అమ్మాయీ,

నేనెవరికీ చెప్పలేదు. హెడ్‌మాస్టరు ఒక్కడికే చెప్పాను. ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు, నీ ఉత్తరం బెంచీ ఎక్కి చదివాడంతే.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో విను. సగం కట్టిన సెట్లు పదకొండు ఉన్నాయా, వాటి తాలూకువాళ్ళు తొమ్మిదిమంది వచ్చేశారు. మైనం అచ్చులు గుడ్డల్లో చుట్టుకుని పట్టుకుపోయారు. ఎండకి కరిగితే నన్నే తిడతారు, నేనుంటే. జడ్జిగారి భార్య కుర్చీలో కూర్చోకుండానే, “నాయనా, నీకిప్పుడెన్ని పనులుంటాయో. ఐదో భాగం లోపల పై వరసన్నా ఇచ్చెయ్. కింది వరస సంగతి దేవుడు చూసుకుంటాడు,” అంది. గొంతు తగ్గించి మరీ అంది, రోగి మంచం పక్కన మాట్లాడినట్టు.

బీమా ఏజెంటు పదేళ్ళు నా వెంట పడ్డవాడు. నిన్న నేనే పిలిచాను. వాడు ఎదుటి కాలిబాట మీదికి దాటేశాడు!

“మాస్టారూ, అది కథ కదా, నేను మనిషిని కదా,” అంటే ఆయన, “నిజమేననుకో. కానీ కథలోవాడి చొక్కా నీకు బొత్తాంతో సహా సరిపోయింది కదయ్యా,” అంటాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

అల్లుడికి నా మీద ఎందుకింత కసో నాకు తెలుసు. వాళ్ళమ్మకి నేను కట్టిన పళ్ళు ఆవిడ ‘స’ అన్నప్పుడల్లా ఈల వేసేవి. మూడుసార్లు సరిచేశాను, పోలేదు. పెద్దావిడ పోయేదాకా ఈల వేస్తూనే పోయింది. ఆ అవమానం కడుపులో పెట్టుకుని పిల్లని చేసుకుని, ఇప్పుడు కలంతో తీర్చుకుంటున్నాడు.

అమ్మానాన్నా లేని నిన్ను చంకనేసుకుని పెంచాను. ఒక్క మాట చెబుతున్నాను. ఆ ఐదో భాగం అచ్చయితే ఈ గుమ్మం ఎక్కకు. చచ్చినవాడి కొంప ఎవరికీ పుట్టిల్లు కాదు.

ఐదో భాగం వరకు
మీ బాబాయి

మార్చి 31

బాబాయికి నమస్కారాలు.

నువ్వు రాసిన ఆఖరి మాటకి రెండు రోజులు అన్నం సయించలేదు. ఆయన అడిగితే పళ్ళనొప్పి అన్నాను. నీ దగ్గరికి పంపిస్తానన్నారు. ఇంకా ఏడుపొచ్చింది.

మంగళవారం ఐదో భాగం చిత్తు ఇచ్చారు. పేజీలన్నీ ఉన్నదున్నట్టే దించాను. ఆయన రాసిన చివరి వాక్యం ‘మేస్త్రీ కదల్లేదు’. అక్కడ సిరా ఆరేదాకా కూర్చున్నాను. ఆ తర్వాత నేను రాసింది ఇది:

‘మేస్త్రీ కదల్లేదు. కాసేపయ్యాక కదిలాడు. నోట్లోంచి ప్లాస్టరు తీసి పక్కన పెట్టి, “ఎవరండీ దీన్నింత నీళ్ళగా కలిపింది?” అన్నాడు.’

అక్షరాలు గుండ్రంగానే పడ్డాయి. కవరు అంటించి నేనే వెళ్ళి పత్రిక ఆఫీసు పెట్టెలో పడేసి పరుగెత్తుకొచ్చాను.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఈవేళ ఆరో భాగం చిత్తు ఇచ్చారు. అందులో డిటెక్టివు వచ్చేశాడు! శవం చుట్టూ ముగ్గుసున్నంతో గీత గీస్తాడు, దుప్పటి కప్పిస్తాడు. శవమేమో లేచి కూర్చుని ఉంది. నిండా మునిగినదానికి చలేమిటని, ఆయన రాసిందేదీ తీసెయ్యకుండా, తప్పనిసరి చోట మాత్రం ఒక్కో మాట చేర్చాను.

‘“హతుడెక్కడ?” అన్నాడు డిటెక్టివు.
“నేనేనండీ. కూర్చోండి, టీ తాగుతారా?” అన్నాడు మేస్త్రీ.
డిటెక్టివు ఆయన చుట్టూ గీత గీశాడు. మేస్త్రీ కాళ్ళు కాస్త దగ్గరికి తీసుకుని సాయపడ్డాడు. దుప్పటి కప్పించాడు. “చలిగానే ఉంది, మంచిపని చేశారు,” అన్నాడు మేస్త్రీ.
“మీ మీద ఎవరికైనా పగ ఉందా?”
“ఉండాలనుకుంటానండీ. లేకపోతే మీరెందుకొస్తారు?”’

టీలో నువ్వు మూడు చెంచాల పంచదార వేసుకున్నావని కూడా రాశాను. పళ్ళు కట్టేవాడు అంత తీపి తినకూడదని నీకెన్నిసార్లు చెప్పానో.

ఇక గుమ్మం ఎక్కొచ్చా?

నీ అమ్మాయి

ఏప్రిల్ 15

అమ్మాయీ,

గుమ్మం కడిగించాను. అంతకన్నా ఎక్కువ రాయించుకోకు.

ఐదో భాగం వచ్చిన రోజున కొట్టు ముందు ఇసకేస్తే రాలనంతమంది. హెడ్‌మాస్టరు ‘మేస్త్రీ కదల్లేదు’ అని చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జనమంతా నావైపు తిరిగారు. నేనూ కదల్లేదు తల్లీ, ఏం చెయ్యాలో తోచక. తర్వాతి వాక్యం చదివాడు. బీమా ఏజెంటు వచ్చి నన్ను కౌగిలించుకుని జేబులోంచి ఫారం తీశాడు. ‘నీళ్ళగా కలిపింది’ అన్న మాట చాలా బాగుంది. పనివాడు తప్ప ఇంకొకడు అనలేడు.

చిన్న చిన్న సవరణలు ఉన్నాయి. నేను ‘ఉండాలనుకుంటానండీ’ అని మెత్తగా మాట్లాడతానా? రెండు మాటలు గట్టిగా అనిపించు. జుట్టు కొంచెం పెంచు. కాలు ఈడ్చడం వారానికొకసారి చెబితే చాలు.

ఇక అసలు సంగతి. ఆరో భాగం కూడా చదివాక హెడ్‌మాస్టరు గడ్డం గోక్కుని ఇలా తేల్చాడు: “హత్య కథలో ముఖ్యంగా రెండే ఉద్యోగాలు. చచ్చేది ఒకటి, చంపేది ఒకటి. మేస్త్రీ మొదటి ఉద్యోగం వదులుకున్నాడు. ఇక ఖాళీ ఉన్నదొక్కటే.”

అంతే. అప్పట్నుంచి ఊరికి నేనే హంతకుణ్ణి.

“ఎవరిని చంపానయ్యా?” అంటే, “అది డిటెక్టివు తేలుస్తాడు, నీకెందుకు తొందర?” అంటారు. సెట్లు తిరిగి తెచ్చినవాళ్ళు కూడా కుర్చీలో కూర్చుంటారు గానీ నోరు తెరవరు. పెదాలు బిగించుకుని, కొలత పైనుంచే తీసుకోమంటారు. పైనుంచి తీసుకోడానికి ఇదేమన్నా టోపీయా? జడ్జిగారి భార్య పక్కింటావిణ్ణి తోడు తెచ్చుకుంది, ఆ పక్కింటావిడ గొడుగు తెచ్చుకుంది. పోయినవాడిగా ఉన్నప్పుడు కనీసం జాలిగా చూసేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా జనం నోట్లో వేళ్ళు పెట్టి బతికినవాణ్ణి. వాళ్ళు నోరు మూసేస్తే నేను కొట్టు మూసెయ్యాలి.

హతుడు, హంతకుడు,
మీ బాబాయి

ఏప్రిల్ 23

బాబాయికి నమస్కారాలు.

ఆయనకి తెలిసిపోయింది.

నిన్న సాయంత్రం ఎడిటరుగారు వచ్చారు. చేతిలో గోతాం. అందులో పాఠకుల ఉత్తరాలు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

“ఏం రాశారండీ! తన హత్య మీద తనే సాక్ష్యం చెప్పే హతుడా! డిటెక్టివు మీ మేస్త్రీ పళ్ళు చూడ్డం పోయి, మేస్త్రీయే డిటెక్టివు పళ్ళు చూసి రెండు పుచ్చిపోయాయని చెప్పడమా! ఇలాంటి హత్య ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు,” అన్నారు ఎడిటరుగారు.

ఈయన “అవునండీ,” అన్నారు. గోతాం వైపు చూసి మళ్ళీ “అవునండీ,” అన్నారు.

ఎడిటరుగారు వెళ్ళాక ఈయన పెట్టె దగ్గర నేల మీదే కూర్చుని పత్రికలన్నీ మొదట్నుంచి చదివారు. నేను గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను. కూర మాడింది.

చివరికి తలెత్తి, “మీ బాబాయి నిజంగా మూడు చెంచాలు వేసుకుంటారా?” అన్నారు.

“నేను చూడకపోతే నాలుగు,” అన్నాను.

“నాకిది తెలియదు. తెలిస్తే నేనే రాసేవాణ్ణి,” అన్నారు. కోపంగా కాదు బాబాయ్, చిన్నబుచ్చుకున్నట్టు.

అప్పుడు నాకెక్కడి ధైర్యం వచ్చిందో, “మా బాబాయినే ఎందుకు చంపాలనుకున్నారు? మీ అమ్మగారి పళ్ళు ఈల వేశాయనా?” అని అడిగేశాను.

ఆయన నావైపు వింతగా చూశారు. “ఆ ఈల కోసమే అమ్మ ‘స’ ఉన్న మాటలు వెతుక్కుని మరీ మాట్లాడేది. ఆఖరి రెండేళ్ళూ ఇంట్లో నవ్వుందంటే అది ఆ పళ్ళ పుణ్యమే. ఆయన సరిచేస్తానని వచ్చినప్పుడల్లా అమ్మ భయపడేది, ఎక్కడ బాగుచేసేస్తాడో అని,” అన్నారు.

తర్వాత అన్నారు: “పోయినవాడి మీద ప్రేమ లేకపోతే చంపినవాడి మీద కోపమెక్కడిది? పోతే నేను నిజంగా ఏడ్చే పెద్దమనిషి ఎవరా అని వెతికాను. మా నాన్నని నేనెరగను. మీ బాబాయి ఒక్కరే తేలారు.”

నేను లోపలికి వెళ్ళిపోయాను. మళ్ళీ వచ్చేసరికి గోడ మీది కాగితం తీసి నా ముందు పెట్టారు.

“ఇది హత్యల సీరియల్. ఎడిటరుకి మాటిచ్చాను. ఎవరో ఒకరు చావాలి. ఒకణ్ణి బతికించావు కదా, ఇంకొకణ్ణి చంపు. మనిషిని నువ్వే చూడు,” అని కలం నా చేతిలో పెట్టారు.

ఈవేళంతా వీధి గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళని చూశాను. గుడ్లమ్మే ఆవిడ పనికిరాదు, ఆవిడ మొగుడు ఆవిడ లేందే చొక్కా కూడా వెతుక్కోలేడు. పోస్టుమానుని చంపితే నీ ఉత్తరాలు రావు. ఎదురింటి తాగుబోతుని అనుకున్నాను, వాడు సాయంత్రం కుంటి కుక్కకి రొట్టె నానబెట్టి పెట్టాడు. కళ్ళారా చూశాక ఎలా చంపను? అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. మీ వీధిలో ఎవరైనా ఉంటే చెప్పు.

నీ అమ్మాయి

మే 1

అమ్మాయీ,

నువ్వు అడిగావు కదా అని కొట్లో సభ పెట్టాను. వీధిలో ఎవరిని చంపమందాం అని.

మొదటి పావుగంటలో ఎవరికి వాళ్ళు బావగార్ల పేర్లు చెప్పారు. తర్వాత చెప్పబడ్డ బావగార్లు వచ్చారు. బీమా ఏజెంటుని నలుగురు చెప్పారు గానీ వాడు పోతే ఫారాలు ఎవరు నింపుతారని ఆ నలుగురే వెనక్కి తీసుకున్నారు. జడ్జిగారి భార్య, “మా ఆయన ఉండుంటే ఇచ్చేదాన్ని,” అంది.

అప్పుడు హెడ్‌మాస్టరు లేచాడు. “నన్ను చంపమనండి,” అన్నాడు. “రిటైరై పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో ‘మాస్టారూ, మీరు పొద్దున ఎక్కడికెళ్ళారు, ఎవరితో మాట్లాడారు, ఏం తిన్నారు’ అని ఒక్కడు అడగలేదు. అదే శవమైతే డిటెక్టివు ఇల్లిల్లూ తిరిగి అడుగుతాడు,” అన్నాడు. నవ్వుదామనుకున్నాం. నవ్వు రాలేదు.

మర్నాటికి ఇంకో ఆరుగురు పేర్లిచ్చారు. చావడానికి నా కొట్టు ముందు వరస కట్టారంటే నమ్ముతావా? పళ్ళకి మాత్రం ఎవడూ రాడు.

కానీ అమ్మాయీ, వీళ్ళెవరూ కాదు. నీ ఉత్తరంలో అల్లుడన్న మాట చదివాను. తలుపు సగం మూసి లోపల కూర్చున్నాను చాలాసేపు. ఈల బాగుచెయ్యలేకపోయానని తొమ్మిదేళ్ళుగా నేను పడ్డ సిగ్గు నాకే తెలుసు. నా కోసం ఏడవడానికి ఒక మగపిల్లాడు ఉన్నాడని నాకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నన్నే చంపండి. ఇది నా నిర్ణయం. కొన్ని సూచనలు: ఇస్త్రీ చొక్కా వెయ్యాలి. ప్లాస్టరు సరైన పాళ్ళలో కలపాలి, పరువు పోతుంది. మొదట చూసి కెవ్వుమనేది జడ్జిగారి భార్య అయితే బాగుంటుంది, గొంతు ఉంది. అల్లుణ్ణి మొహమాటపడవద్దని చెప్పు. హెడ్‌మాస్టరు అలిగాడు, నా చావు ఆయన లాక్కుంటున్నాడని నేనంటే, నేనే ఆయనది లాక్కున్నానని ఆయన.

తొందరగా కానివ్వండి.

చావడానికి సిద్ధంగా,
మీ బాబాయి

మే 9

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఆయన సంబరపడిపోయారు. “చూశావా, పెద్దమనిషి! ఎంత బాగా రాశారు!” అని ఇస్త్రీ చొక్కా సంగతి కూడా గోడ మీది కాగితంలో ఎక్కించారు. “ఆయనే అడుగుతుంటే ఇక అడ్డేముంది?” అన్నారు.

“వద్దు,” అన్నాను.

ఆయనకి వినపడలేదేమో అనుకున్నాను, అంత నెమ్మదిగా అన్నాను. వినపడింది. “మరి హెడ్‌మాస్టరుగారు?” అన్నారు. “వద్దు.” “తాగుబోతు?” “వద్దు.” ఒకసారి నోరు తిరిగాక ఎంత సులువో బాబాయ్ ఆ మాట. ఆయన నన్నే చూస్తున్నారు, స్టేషనులో వాళ్ళ గదిలోకి కొత్తగా వచ్చిన సామాను ఎవరిదో పోల్చుకుంటున్నట్టు.

నీకు కోపం వస్తుందని తెలుసు. చచ్చిపోవాలని నీకున్నా, నీ కోసం ఏడవాలని ఆయనకున్నా, అది రాయాల్సింది నా చేత్తో. నాకు రాదు. మీ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉంటే బస్సెక్కి వచ్చి చెప్పుకోండి, మధ్యలో శవం ఎందుకు?

ఇక పదిహేను వారాలూ సాగదియ్యకుండా, ఆఖరి భాగం చిత్తు లేకుండా నేనే రాశాను. రెండు పేజీలే వచ్చింది. పొడుగు కోటు డిటెక్టివు వీధంతా తిరుగుతాడు. ఇంటింటా కూర్చుని ఒక్కొక్కరినీ అడుగుతాడు, పొద్దున ఏం తిన్నారు, ఎక్కడికెళ్ళారు, ఎవరితో మాట్లాడారు అని. అందరిదీ రాసుకుంటాడు. ముందుగా హెడ్‌మాస్టరుగారింటికే పంపించాను, ఆయన చెప్పింది నాలుగు కాగితాలయిందని రాశాను. చివరికి పై అధికారికి నివేదిక పంపిస్తాడు. అది ఇంతే:

‘హత్య జరగలేదు. కారణం: ఈ వీధిలో అదనంగా ఉన్న మనిషి ఒక్కడూ దొరకలేదు.’

ఆయన చదివారు. “ఇది హత్య కథ కాదు,” అన్నారు. “కాదు,” అన్నాను. “అచ్చు వెయ్యరు,” అన్నారు. “వెయ్యకపోతే మానె,” అన్నాను. ఆయన ఇంకోసారి చదివి, చొక్కా తొడుక్కుని, కాగితాలు తనే తీసుకుని పత్రిక ఆఫీసుకి బయల్దేరారు. ఈసారి నన్ను పెట్టెలో వెయ్యనివ్వలేదు. ఎడిటరుగారు తిడితే ఎదురుగా ఉండి తిట్లు తినాలి కదా అన్నారు.

ఇంకా రాలేదు. అన్నం చల్లారిపోతోంది.

నీ అమ్మాయి

మే 24

అమ్మాయీ,

వేశారు. ఎడిటరు కింద ఒక ముక్క కూడా పెట్టాడు, ‘పాఠకులు క్షమించాలి’ అని.

నాకు కోపమొచ్చిన మాట నిజం. రెండు రోజులు హెడ్‌మాస్టరూ నేనూ పక్కపక్కనే కూర్చుని నిన్ను తిట్టుకున్నాం. చావు కూడా దక్కనివ్వని పిల్ల అని.

శుక్రవారం ఆయనే చదివాడు. ఈసారి బెంచీ ఎక్కలేదు, కూర్చునే చదివాడు. తన ఇంటి సంగతి వచ్చినచోట కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. నాలుగు కాగితాలు అన్న మాట రెండుసార్లు చదివాడు. నివేదిక చదివాక కొట్లో అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు, ఎవరు అదనమో లెక్క చూసుకుంటున్నట్టు. బావగార్లు బావగార్లని చూశారు. గొడుగావిడ గొడుగు మూసింది.

బీమా ఏజెంటు గొంతు సవరించుకుని, “మాస్టారూ, ఇంతకీ పొద్దున ఏం తిన్నారు?” అన్నాడు. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఇంకా చెబుతున్నాడు, ఇదిగో నేనీ ఉత్తరం రాస్తుంటే ఇప్పుడు కూడా వెనక నుంచి వినిపిస్తోంది.

జడ్జిగారి భార్య లేచింది. పక్కింటావిణ్ణి అక్కడే కూర్చోమంది. వచ్చి నా వాలు కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చింది.

“కింది వరస, నాయనా. దేవుడు చూసుకోలేదు,” అని నోరు బార్లా తెరిచింది.

నేను చేతులు కడుక్కున్నాను. వెనక నలుగురు కూర్చున్నారు, వాళ్ళకీ పని ఉందట.

అల్లుణ్ణి తీసుకుని రా. కథ ఏదైనా వెంట తెస్తే తెమ్మను. రాకముందు కార్డు ముక్క రాయండి, పంచదార తెప్పిస్తాను.

నేనున్నాను.

మీ బాబాయి